బట్టల కింద దాచిన గ్రాఫు

"గొణక్కు. నోరు తెరిచి మాట్లాడు" అన్నారు మావారు, సింకు ముందు గిన్నెలు తోముతూ నేను పాలు అయిపోయాయని చెప్పినప్పుడు. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఆయనకు ఎదురుగా వచ్చి మళ్లీ చెప్పాను. గట్టిగా కాదు, నెమ్మదిగా, నా ముఖం కనబడేలా. ఆసుపత్రిలో రోజుకి పాతికమందితో అలాగే మాట్లాడతాను. చెవుల పరీక్ష చేయడం నా ఉద్యోగం. ఎవరికి ఏ శబ్దం ఎంతవరకు వినబడుతుందో గ్రాఫు గీసి డాక్టరుగారికి పంపుతాను. అలాంటి ఒక గ్రాఫు ఏడు నెలలుగా మా బీరువాలో, నా బట్టల కింద ఉంది. అది మావారిది. ఆయనకు చెప్పలేదు.

ఈ మూడు నెలలుగా మా ఇంట్లో హోమ్ థియేటర్ రిసీవర్, అంటే స్పీకర్లన్నిటినీ మోగించే పెట్టె, ఎంపిక జరుగుతోంది. నన్ను చేసుకోవడానికి ఆయన అరగంట కూడా ఆలోచించలేదని అత్తగారు చెబుతుంటారు. రిసీవర్ అలా కాదు. షాపువాడి మాట నమ్మరు, డబ్బామీద రాసిన వాట్లు నమ్మరు. ఎవరో దాన్ని బల్లమీద పెట్టి, మీటర్లు తగిలించి కొలిచిన అంకెలే నమ్ముతారు. శబ్దం ఎంత చెదురుతుంది అనే డిస్టార్షన్ ఎంత, పాట లేనప్పుడు లోపల రొద ఎంత, అయిదు స్పీకర్లూ ఒక్కసారి మోగితే బలం ఎంత మిగులుతుంది, అన్నీ ప్రింటు తీసి భోజనాల బల్లంతా పరిచారు. మేం పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. వాటి వరస చెడకుండా దుమ్ము తుడిచేది నేనే. ఒకసారి తుడుస్తూ, ఆయన పోల్చి చూస్తున్న రెండింటి మధ్య తేడా మనిషి చెవికి అందేది కాదండీ అన్నాను. "నీవి బీప్‌లు వినే చెవులు. ఇది సంగీతం" అని నవ్వారు. వాడివి చిన్నప్పటినుంచీ పాము చెవులని అత్తగారు అందుకున్నారు. నేను గుడ్డ దులుపుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఏడు నెలల కిందట ఆయన నన్ను తీసుకెళ్లడానికి ఆసుపత్రికి వచ్చారు. పరీక్ష గది ఖాళీగా ఉంది. నా చెవుల కొలత కూడా చూద్దాం అంటూ సరదాగా లోపల కూర్చున్నారు. ఆ కాగితం మీద పేరు కూడా రాయలేదు. రెండు వేల హెర్ట్జ్ వరకు గీత చక్కగా నడిచింది. ఇంకా సన్నని శబ్దాలకు, నాలుగు వేల దగ్గరికి వచ్చేసరికి, రెండు చెవులకూ కింద పడిపోయింది. మిషను పాడయిందేమోనని మూడుసార్లు చేశాను. మిషను బాగానే ఉంది. ఇరవయ్యేళ్లుగా ప్రింటింగ్ ప్రెస్సులో ఆ యంత్రాల పక్కన నిలబడిన మనిషి. ఇలాంటి చెవులకు మగవాళ్ల మాట బాగానే అందుతుంది. ఆడవాళ్ల, పిల్లల మాటలే అంచులు అరిగిపోయి వినిపిస్తాయి. చెవిలో చిన్న వినికిడి మిషను పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుందని వచ్చినవాళ్లందరికీ చెబుతాను. ఆయన బయటికి వచ్చి, నర్సు ముందు, "నూటికి నూరేగా?" అన్నారు. బాగున్నాయన్నాను. పెళ్లయిన ఈ పద్నాలుగేళ్లుగా ఎవరేం అడిగినా బాగుందనే చెబుతున్నాను, నోటికి అదే వచ్చేసింది.

ఇక్కడితో ఆపితే నేను జాలిపడి దాచానని అనిపిస్తుంది. అదీ కొంత నిజమే. మిగతాది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నీకు వినబడదులే ఈ తేడా అని ఆయన అన్నప్పుడల్లా బీరువాలోని ఆ కాగితం గుర్తొచ్చి లోలోపల నవ్వుకునేదాన్ని. ఆయన పాము చెవుల గురించి స్నేహితులు మెచ్చుకుంటుంటే టీ అందిస్తూ హాయిగా విన్నాను. ఇన్నేళ్లలో ఆయన గురించి నాకు మాత్రమే తెలిసిన సంగతి అదొక్కటే. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

ఈలోగా గొణక్కు అన్న మాట నా మీదనుంచి మా అమ్మాయి మీదకు కూడా వెళ్లింది. దానికి పదేళ్లు. బడినుంచి వస్తూనే గుక్కతిప్పుకోకుండా కబుర్లు చెప్పే పిల్ల. ఏం నములుతున్నావు నోట్లో, మళ్లీ చెప్పు, ఇంకోసారి చెప్పు అని నాన్న అనేకొద్దీ, దాని కబుర్లు ముక్కలై, చివరికి తలూపడం దగ్గర ఆగిపోయాయి. తరగతిలో చెయ్యెత్తడం మానేసిందని టీచరు ఫోను చేసింది. దీనికి మాట స్పష్టంగా లేదు, నేర్పించే చోట చేర్పిద్దామని ఆయన అన్నారు. నేను అప్పుడు కూడా సరేనన్నాను. ఫారం నేనే నింపాను. నా చేతులతో, నా కలంతో, పిల్లకి ఉచ్చారణ లోపం అని రాశాను.

నిన్న ఆదివారం పొద్దున దానికి జడ వేస్తున్నాను. అద్దంలోంచి నన్ను చూస్తూ, పెదాలు బాగా కదుపుతూ, ఒక్కో మాటా విడదీసి అడిగింది.

"అమ్మా, మీ ఆసుపత్రిలో నోటికి కూడా పరీక్ష చేస్తారా?"

జడ చివర రబ్బరు బ్యాండు వేసి, బీరువా తీసి, బట్టల కింద చెయ్యి పెట్టాను. ముందు గదిలో ఆయన చివరికి మిగిలిన రెండు రిసీవర్ల కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. నేను నా కాగితం వాటి పక్కన పెట్టి, ఎలా మొదలుపెట్టాలా అని తడుముకుంటున్నాను. ఈలోగా ఆయనే దాన్ని అందుకున్నారు.

"ఇదెక్కడ దొరికింది? నాలుగు వేల దగ్గర ఎలా పడిపోయిందో చూడు. ఎడమ, కుడి రెండు చానెళ్లూ అంతే. ఇలాంటిది ఎవడైనా కొంటాడా? ఏ కంపెనీది?"

ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోవడానికి అంతకంటే సులువైన సందు నాకు దొరకదు. లోలోపల మళ్లీ ఆయన మీద గెలిచినట్టు కూడా ఉండేది. కానీ గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది, ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. దాన్ని దగ్గరికి పిలిచి, ఆ చెయ్యి తీసి పట్టుకున్నాను.

"అవి మీ చెవులండీ" అన్నాను ఆయనకు ఎదురుగా, నెమ్మదిగా.

నేను పిల్లవైపు తిరిగాను.

"నీ మాటలో ఏ లోపమూ లేదమ్మా. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు."