ఇరవై ఎనిమిది వేల ఇరుసు

అబూధాబీ పక్కన గ్యారేజీల పేట ముసఫ్ఫాలో మెకానిక్కులకేం కొదవ, రాయి విసిరితే ఒకడికి తగులుతుంది. అయినా వెనక యాక్సిల్ విప్పి, లోపలి పళ్ళచక్రాలను వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చాలంటే మాత్రం అందరూ జాన్‌బాబు కోసమే వెతుక్కుంటూ వచ్చేవారు. రావులపాలెంలో పద్దెనిమిదేళ్ళు లారీల కింద పడుకుని నేర్చిన విద్య అది. ఆ జాన్‌బాబుకి చెవులు పోతున్నాయన్న సంగతి గ్యారేజీలో ఒక్కడికీ తెలియదు. తెలియకుండా ఆయనే కాపాడుకుంటున్నాడు.

ఎడమ చెవి ఏడాది కిందటే పూర్తిగా పోయింది. కుడి చెవికి లావు శబ్దాలు ఆనుతాయి, సన్నవి ఆనవు. సుత్తి దెబ్బ వినపడుతుంది, పిట్ట కూత వినపడదు. ఎదురుగా నిలబడితే పెదవులు చూసి మాట లాక్కొస్తాడు. ఫోనులో మాట్లాడేవాళ్ళకి పెదవులుండవు కదా, అందుకని ఫోను మోగితే చెయ్యి ఖాళీ లేదని పక్కవాడికి ఇచ్చేస్తాడు.

2006లో, ఎండలు ముదరకముందు, ఆ కారు వచ్చింది. డెబ్బయ్యో సంవత్సరం నాటి అమెరికా కారు, నల్లగా నిగనిగలాడుతూ, బోనెట్టు మీద మనిషి పడుకోవచ్చు. కారు గలాయన, గ్యారేజీ పనివాళ్ళ వీసాలకి సంతకం పెట్టే అరబ్బు యజమాని కఫీల్‌కి అక్క కొడుకు. కుర్రతనం కొద్దీ సరదాపడి లోపల ఇంకా పెద్ద ఇంజను పెట్టించాడు. ఆ బలానికి పాత యాక్సిల్ వారంలో విరిగింది. కోడెల్ని తెచ్చి ముసలి బండికి కడితే ఇరుసు విరగక ఏం చేస్తుంది? అమెరికా నుంచి చెక్కపెట్టెలో పెద్ద యాక్సిల్ దిగింది. దానికి పాత బ్రేకులు సరిపోలేదు. కొత్త బ్రేకులకి పాత చక్రాలు పట్టలేదు. మధ్య షాఫ్టు పొడవైపోతే కోయించి అతికించాల్సి వచ్చింది. సన్నాసి గోచీ కోసం పిల్లిని పెంచి చివరికి సంసారంలో పడ్డట్టు, అంతా కలిపి ఇరవై ఎనిమిది వేల దిర్హాములు తేలింది. జాన్‌బాబు భార్యకి అది ఆరు నెలల జీతం.

గ్యారేజీ నడిపే సనావుల్లాది రాయచోటి. జాన్‌బాబు వీసా ఆ నెలాఖరుతో అయిపోతుంది. “జానన్నా, ఈ కారు సక్కగా బయటికి పోయిందనుకో, శనివారమే నీ వీసా కాగితాల మీద కఫీల్ సంతకం పెట్టిస్తా. తేడా వచ్చిందంటే నా చేతిలో ఏమీ ఉండదు, ముందే చెప్తాండా,” అన్నాడు.

సంతకం అంటే జాన్‌బాబుకి ఉద్యోగం కాదు, దయారాణి. దయారాణి అబూధాబీలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సు. పెళ్ళయిన రెండో ఏడు ఇక్కడికి వచ్చేసింది. ఆయన అక్కడ, ఆవిడ ఇక్కడ, పదకొండేళ్ళు ఫోనులోనే కాపురం చేశారు. ప్రతి శుక్రవారం ఫోనెత్తగానే ఆవిడ మొదటి మాట “అన్నం తిన్నారా?” అనే. ఆవిడ వీసా మీద మొగుణ్ణి తెచ్చుకుంటానంటే కుదరదన్నారు. మూడేళ్ళ కిందట ఈ గ్యారేజీ వీసా దొరికితే పరిగెత్తుకొచ్చాడు. నలుగురు అద్దెకుండే ఇంట్లో ఒక గదిలో సగం, మధ్యన పరదా. ఆ సగం గదే వాళ్ళకి రాజమహలు.

గురువారం యాక్సిల్ బిగించాడు. పళ్ళకి సిందూరం నూనెలో కలిపి పూసి తిప్పితే, రంగు చెరిగిన మచ్చ సరిగ్గా పంటి నడుమ పడాలి. పడింది. తర్వాత పెద్ద స్క్రూడ్రైవరు మొన యాక్సిల్‌కి ఆనించి, పిడి పళ్ళతో కరిచిపట్టుకున్నాడు. చెవికి ఆనని శబ్దం ఎముకకి ఆనుతుంది. ఏడాదిగా ఆ కిటుకుతోనే నెట్టుకొస్తున్నాడు. జాకీల మీద చక్రాలు ఊరికే తిరిగినంతసేపూ అంతా బాగానే ఉంది. కానీ పళ్ళ కూర్పులో వెంట్రుకవాసి తేడా ఉంటే, బరువు మోస్తూ రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు లేచే ఈల వేరు, అది అక్కడే వినాలి. స్టీరింగు పట్టుకుని స్క్రూడ్రైవరు కరవలేడు. సాయంత్రం ఒక చుట్టు తిప్పుకొచ్చి, “శబ్దం లేదు భాయ్,” అనేశాడు. తనకి వినపడలేదు కాబట్టి లేదనుకోవాలని ఎంతో ఆశపడ్డాడు పాపం.

ఆ ఆశ తెల్లారేదాకా కూడా నిలవలేదు. డొక్కు లారీలో సన్న ఈల ఉంటే ఎవడికీ పట్టదు. ఇది రెండొందల వేగంతో పోయే బండి. ఆ వేగంలో పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుని చక్రాలు పట్టేశాయంటే లోపలున్నవాడి ఎముకలు ఏరుకోవాలి. గ్యారేజీలో ఇంకొకణ్ణి విని చెప్పమంటే గుట్టు బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. శుక్రవారం నమాజు కాగానే కారు గలాయన వస్తాడు. పొద్దున్నే కారు తీసుకుని, రాత్రి డ్యూటీ దిగే దయారాణి కోసం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు.

“రాణీ, కాసేపు నా పక్కన కూర్చో. వెనకనించి ఈల లాంటిదేవన్నా వస్తందేమో విని చెప్పు,” అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఆవిడ ఎక్కి, తలుపు వేసుకుని, ఆయన వైపు తిరిగి నిదానంగా అంది. “మీ చెవి సంగతి నాకు తెలీదనుకున్నారేటండీ? ఏడాదినించీ మీ కుడిపక్కకే వచ్చి పడుకుంటన్నాను. మీ అంతట మీరే చెప్తారని చూశాను.”

జాన్‌బాబు గేరు వేసి కారు కదిలించాడు.

ఐకాడ్ ఫ్యాక్టరీల వైపు రోడ్డు శుక్రవారం పొద్దున ఖాళీగా ఉంటుంది. అరవైలో పోనిచ్చాడు, వందలో పోనిచ్చాడు, నూట ఇరవై దాటాక పెడల్ మీంచి రెండు మూడుసార్లు కాలు తీశాడు. దయారాణి కళ్ళు మూసుకుని, రోగి గుండె వింటున్నప్పటిలా మెడ కొంచెం వంచి కూర్చుంది. ఆయన రోడ్డు కంటే ఆవిడ మొహాన్నే ఎక్కువ చూశాడు. ప్రభువా, లేదనిపించు, ఈ ఒక్కసారికి లేదనిపించు అని లోపల మొత్తుకుంటున్నాడు.

“ఉందండీ,” అంది ఆవిడ. “మీరు కాలు తీసినప్పుడల్లా వస్తంది. సన్నగా, ఏడుపులాగ.”

కారు పక్కకి ఆపాడు. ఆవిడ వైపు తిరిగాడు. “లేదని చెప్పు రాణీ. ఆ ఒక్క మాట అను చాలు, నేను నమ్మేస్తాను. రేపు సంతకం అయిపోద్ది.”

“నమ్మి, ఈ కారు ఆ పిల్లాడి చేతికిస్తారా?”

ఆయన కిటికీ అద్దం దించాడు, మళ్ళీ ఎక్కించాడు.

“పోయిన వారం ఇలాంటి కారులోంచే ఒకణ్ణి తీసుకొచ్చారండి. వాళ్ళమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది. ఆవిణ్ణి పట్టుకుని కూచుంది నేనే. ఇంకేదన్నా అడగండి, చేస్తాను. ఇది మాత్రం నా చేత అనిపించకండి.”

“నన్ను పంపించేస్తారే.”

“తెలుసండి.”

“నీకు తెలీట్లేదు. మునపట్లా కాదు. అప్పుడు ఫోనన్నా ఉండేది.” ఆయన జేబులోంచి ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇప్పుడు ఫోన్లో నీ గొంతు నాకు వినపడదు రాణీ. అక్కడికి పోయాక నువ్వు ఉన్నావో లేవో కూడా నాకు తెలీదు.”

దయారాణి ఈ మాట ఊహించలేదు. తర్వాత ఆయన చెయ్యి తీసుకుని గేరు మీద పెట్టింది. ఆయన కారు గ్యారేజీకి తిప్పాడు.

ఆయన ఈల మాట చెప్పేసరికి సనావుల్లా, “నిన్న లేదంటివే?” అన్నాడు.

“నాకు వినపడలేదు భాయ్. నాకు వినపడదు. ఏడాదయింది.”

సనావుల్లా ఎగిరిపడి తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. అతను పక్కనున్న పాత టైరు మీద కూర్చుని, మొహం తుడుచుకుని, పెదవులు కనపడేలా ఎదురుగా తిరిగి మాట్లాడాడు.

“కారు సంగతి నేను చూసుకుంటాలే. షార్జా నుంచి మనిషిని పిలిపించి సరిచేయిస్తా. నీ జీతంలో పైసా ఫిల్సు కూడా కోసుకోను. కానీ జానన్నా, ఇంక కఫీల్ ముందర నిన్ను ఎట్ల నిలబెట్టేది? రేపు ఇంకో బండికి ఇట్లే అయితే ఎవురి ప్రాణం పోతాదో. నెలాఖరుకు ఖలాస్ అనుకో.”

సనావుల్లా స్థానంలో ఉంటే జాన్‌బాబైనా అదే అనేవాడు. స్క్రూడ్రైవరు తుడిచి పెట్టెలో పెట్టి, బయట నీడలో నిలబడ్డ భార్య దగ్గరికి వెళ్ళి, “ఖలాసంట,” అన్నాడు. ఆవిడ తలూపింది.

వాళ్ళ గది ఉన్న సందు మొదట్లో, కిరాణా కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల కార్డు ఫోను ఉంది. దయారాణి అక్కడ ఆగిపోయింది.

“ఒకసారి చూద్దామండీ. నేను అట్నించి చేస్తాను. మీరు ఫోను చెవిలో కాకుండా, చెవి వెనకాల ఎముకకి గట్టిగా ఆనించుకోండి. స్క్రూడ్రైవరు ఆనిస్తే యాక్సిల్ వినపడతందన్నారు కదా, నా గొంతు వినపడదా?”

ఆవిడ రోడ్డు దాటింది. ఆయన చేతిలో ఫోను అదిరింది. మీట నొక్కి, ఎముక నొప్పెట్టేలా అదుముకున్నాడు. ఏమీ లేదు. ఇంకా అదిమాడు. కిరాణా కొట్టువాడు వింతగా చూస్తున్నా సిగ్గు విడిచి, దాని అంచు పళ్ళతో కరిచిపట్టుకున్నాడు. ఇనుము పలికినట్టు ఇది పలకలేదు. లోపల అసలు ఎవరూ లేనట్టే ఉంది.

తలెత్తి చూశాడు. దయారాణి పక్కకి తిరిగి నిలబడింది. ఒక చేత్తో రిసీవరు పట్టుకుంది. రెండో చెయ్యి నోటికి అడ్డంగా గట్టిగా నొక్కుకుని ఉంది. ఆవిడ భుజాలు అదురుతున్నాయి. అలా ఎంతసేపో ఉండి, రిసీవరు తగిలించి, మొహం తుడుచుకుని రోడ్డు దాటి వచ్చింది.

“వినపడిందా?”

“వినపడింది.”

“ఏవన్నాను?”

జాన్‌బాబు తడుముకోలేదు. “అన్నం తిన్నారా అన్నావు.”

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పెదవులు స్పష్టంగా కదిపి, “అవునండీ, అదే అన్నాను,” అంది.

కారులో అంత బతిమాలినా అబద్ధం ఆడని మనిషి ఇప్పుడు ఆడిందని ఆయనకి తెలిసింది. తన అబద్ధం ఆవిడకీ తెలిసిందని కూడా తెలిసింది. ఆవిడ ఆయన కుడిపక్కకి వచ్చింది, ఇద్దరూ గది వైపు నడిచారు.