నా కొట్టు మీదుగా దారి

"నోరీన్, బీన్స్ అడుగంటుతున్నాయి చూడు" అంది పక్కన మాంసం కోస్తున్న బెర్నిస్.

చూశాను. ప్రతి మార్చిలోనూ చూస్తూనే ఉన్నాను. టౌన్ మీటింగ్ రోజున మా ఊరు ఊరంతా బడి జిమ్‌లో, అదే ఆటల హాల్లో, కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది. ఏ రోడ్డు బాగుచెయ్యాలి, మంచు ఎత్తే కొత్త బండి కొనాలా వద్దా, అన్నీ ఆ రోజే ఓటేసి తేల్చేస్తారు. చర్చి ఆడవాళ్ళం మేం ఆ పక్కనే బడి వంటింట్లో ఊరంతటికీ భోజనం వండుతాం. ఓటు మాకూ ఉంది. కానీ పంది హామ్ ముక్కలు కొయ్యాలి, రొట్టెలు వేడిచెయ్యాలి, మేపుల్ పాకం పోసి బీన్స్ కలుపుతూ ఉండాలి, కాఫీ అయిపోతే మళ్ళీ పెట్టాలి. గిన్నెల చప్పుడుకి మాటలు వినపడటం లేదని వడ్డించే కిటికీ తలుపు మూసెయ్యమంటారు. మూసేస్తాం. అవతల మా మొగుళ్ళు ఊరిని ఏలుతుంటారు, ఇవతల మేం గరిటెలు తిప్పుతుంటాం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకిది వింతగా తోచలేదంటే నా బుర్రని ఏమనాలి!

ఈసారి తోచింది. ఈసారి ఓటుకి పెట్టిన వాటిల్లో ఏడో అంశం నా కొట్టు గురించి.

మెయిన్ స్ట్రీట్‌లో ఇనప సామాన్ల షాపుకీ బ్యాంకుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది నా బ్యూటీ పార్లర్. ఒకటే గది, రెండు కుర్చీలు, తల కడిగే సింకు. చెక్క గోడలకి పసుపు రంగు నేనే వేశాను. ఇనప షాపు నా మొగుడు డ్వైట్‌ది. నా కొట్టు ఉన్న కట్టడం కూడా వాళ్ళ నాన్నదే, ఇప్పుడు ఇతనిది. కాగితాల మీద నాది అనేది అక్కడ దువ్వెన కూడా లేదు. కానీ ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళానంటే నేను డ్వైట్ పెళ్ళాన్ని కాదు, హెస్టర్ కోడల్ని కాదు, ఫోనెత్తి "మేకులున్నాయి రండి" అని చెప్పే మనిషిని కాదు. ఆడవాళ్ళు వచ్చి సింకులో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంటారు. గోరువెచ్చటి నీళ్ళు పడగానే నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. ఎవరి కడుపులో ఏ బాధ ఉందో పాస్టర్‌కన్నా నాకే ఎక్కువ తెలుసు. ఇర్మా నుదుటి మీద మొగుడు చేసిన గాటు కనపడకుండా ముందు జుట్టు దించి కత్తిరించింది నేనే. ఎవరితోనూ అనలేదు. ఇర్మా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఊరి నడిబొడ్డుని బాగుచేస్తామంటే నేనేమైనా కాదన్నానా? మెయిన్ స్ట్రీట్‌లో సగం షాపులకి చెక్కలు కొట్టి మూసేశారు. నడిచే బాట పగిలిపోయి ముసలివాళ్ళు పడి తుంటి విరగ్గొట్టుకుంటున్నారు. వెడల్పాటి బాటలు, చెట్లు, మంచి దీపాలు, కూర్చోవడానికి బల్లలు, అన్నీ కావలసినవే. కొత్త వీధి ఎలా ఉంటుందో గీసిన బొమ్మని బ్యాంకు అద్దానికి అంటిస్తే నేనూ వెళ్ళి మురిపెంగానే చూశాను. చూస్తూ చూస్తూ నా కొట్టు ఎక్కడా అని వెతుక్కున్నాను. అది ఉండాల్సిన చోట వెనక పార్కింగ్ నుంచి రోడ్డు మీదికి రాళ్ళు పరిచిన దారి, రెండు పక్కలా పచ్చగడ్డి, దాని మీద కుక్కని పట్టుకుని నవ్వుతూ నడుస్తున్న ఒకావిడ బొమ్మ ఉన్నాయి. ఆవిడ జుట్టు చాలా చక్కగా కత్తిరించి ఉంది. ఎక్కడ చేయించుకుందో మరి!

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగాను. డ్వైట్ ఊరి పనులు చూసే బోర్డులో మెంబరు, అతనికి తెలియకుండా గీస్తారా?

"ఆ స్థలం ఊరికి ఇచ్చేస్తానన్నాను. నాన్న పేరు చెక్కిన రాయి పెడతారట అక్కడ" అన్నాడు, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"అనేదేముంది నోరీ, అది మా నాన్న కట్టిందే కదా. మోకాళ్ళు నొప్పులని నువ్వే గోల పెడుతున్నావు. ఇంట్లో హాయిగా కూర్చో."

హాయిగా! పొద్దున్నే మా అత్తగారిని మంచం మీంచి చెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టాలి. మాత్రలు, స్నానం, టిఫిను. ఇనప షాపు ఫోన్లు, లెక్కలు, బోర్డు వాళ్ళు ఇంటికొస్తే కేకులు. వాటికి జీతం లేదు, పేరూ లేదు. వాటిల్లోంచి తప్పించుకుని నేను పోయి ఊపిరి పీల్చుకునే చోటు అదొక్కటే, దాన్ని తీసేసి హాయిగా కూర్చోమంటాడు. నేనింకా నోరు తెరవకముందే అత్తగారు పెదవి విరిచింది. "ఇంకా ఎన్నాళ్ళు ఊళ్ళోవాళ్ళ చుండ్రు గీకుతావే అమ్మాయ్? వాడికి పరువుగా ఉందా?" అంది. ప్రతి శుక్రవారం ఆవిడ తల కడిగి రోలర్లు చుట్టేదీ నేనే, అక్కడే. ఆ శుక్రవారం కూడా చుట్టాను.

"నేను ఒప్పుకోను" అని డ్వైట్‌కి చెప్పాను. చెప్పానంటే గొణగలేదు, గట్టిగానే చెప్పాను. అతను నవ్వి నా భుజం తట్టాడు. "సరే, మీటింగులో లేచి చెప్పు. ఎవరొద్దన్నారు?" అన్నాడు. కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. "అయ్యో, నీ కొట్టు పోతే మేమెక్కడికి పోతాం, మేం లేమూ నీకు!" అన్నారు ఒక్కొక్కరూ. ఇర్మా అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను నమ్మాను.

ఇదిగో, ఇప్పుడు మూసిన కిటికీ అవతల డ్వైట్ గొంతు వినిపిస్తోంది. షాపులో రంగు డబ్బాలు అమ్మేటప్పటి గొంతు అది, తేనె పూసినట్టుంటుంది. చెట్ల గురించి చెప్పాడు, దీపాల గురించి చెప్పాడు. తర్వాత అన్నాడు: "పార్లర్ సంగతేంటని కొందరు అడిగారు. నోరీన్ మనస్ఫూర్తిగా ఒప్పుకుంది. ఊరికి మంచి జరుగుతుంటే నాదేముంది, ఇచ్చెయ్యి అని తనే అంది." 

చప్పట్లు మోగాయి. బెర్నిస్ కత్తి పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"అన్నావా?"

"నేనెప్పుడన్నానే!" అన్నాను. ఒళ్ళంతా భగ్గుమంది. స్థలం అతనిది, ఇచ్చుకున్నాడు. నా మాట కూడా అతనిదేనా, నా నోట్లోంచి తీసి ఊరికి దానం చెయ్యడానికి? అవతల మీటింగ్ నడిపే మోడరేటర్ లాయిడ్ ఓటు అడుగుతున్నాడు. ఒప్పుకునేవాళ్ళు అవుననండి అంటే జిమ్ కప్పు ఎగిరిపోయేలా అరిచారు. కాదనేవాళ్ళు అంటే ఎవరో దగ్గారు. గరిటె బీన్స్‌లోనే వదిలేసి, ఏప్రన్‌తోనే పక్క తలుపులోంచి హాల్లోకి వెళ్ళి నిలబడ్డాను.

నన్ను చూసి లాయిడ్ ముఖం వికసించింది. "భోజనం తయారా నోరీన్?" అన్నాడు. హాలంతా నవ్వింది.

"భోజనం కాదు. ఈ ఓటు మీద నాకు అనుమానం ఉంది. లెక్కపెట్టు" అన్నాను.

మా ఊళ్ళో అది ఎవరైనా అనొచ్చు. ఒక్కరంటే చాలు, అరిచిన ఓటు చెల్లదు, అందరూ లేచి నిలబడితే మనుషుల్ని లెక్కపెట్టాలి. "ఇంకోటి. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నానని నా మొగుడు చెప్పింది అబద్ధం."

డ్వైట్ ముఖం కందగడ్డ అయింది. "నోరీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"ఇంట్లో చెప్పాను. నీకు వినపడలేదు."

లాయిడ్ గొంతు సవరించుకున్నాడు. అవునన్న వాళ్ళని ముందు లేవమన్నాడు. కుర్చీల కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. మగవాళ్ళు లేచారు. తర్వాత పక్కన ఉన్న ఆడవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు. నా సింకులో తల వాల్చి ఏడ్చినవాళ్ళు, మేం లేమూ అన్నవాళ్ళు. ఇర్మా నేలకేసి చూస్తూ కూర్చునే ఉంది. ఇర్మా, ఇర్మా, అని లోపల అనుకుంటూనే ఉన్నాను. మొగుడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. లేచింది. ముందు జుట్టు కళ్ళ మీదికి పడింది, తోసుకోలేదు. మొదటి వరసలో మా అత్తగారు చేతికర్ర ఆనించి, ఎవరి సాయమూ లేకుండా, తనంతట తను నిటారుగా లేచి నిలబడింది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఈవిడకి నేనేం తక్కువ చేశాను దేవుడా అనిపించింది.

కాదన్న వాళ్ళని లేవమన్నప్పుడు నా వెనక బెర్నిస్, వంటింట్లోని మిగతా ఆడవాళ్ళు పిండి చేతులతో వచ్చి నిలబడ్డారు. హాల్లోంచి దాణా షాపు ముసలాయన ఒక్కడు లేచాడు. లెక్కపెట్టడానికి లాయిడ్‌కి ఎంతోసేపు పట్టలేదు. ఏడో అంశం నెగ్గింది.

హాలంతా బిగుసుకుపోయిందని లాయిడ్‌కీ తెలిసినట్టుంది, తేలిక చేద్దామనుకున్నాడు పాపం. "ఇక భోజనాలు! దానికి ముందు, తెల్లవారకుండా వచ్చి మనకోసం ఇంత కష్టపడ్డ మన వంటింటి ఆడవాళ్ళకి ఏటేటా చెప్పినట్టే గట్టిగా థాంక్స్ చెబుదాం" అన్నాడు. హాలు మొత్తం లేచి నిలబడింది. ఒక్కరూ కూర్చోలేదు. చప్పట్లే చప్పట్లు. ఇర్మా ఏడుస్తూ కొడుతోంది. అందరికన్నా గట్టిగా కొడుతున్నది డ్వైట్. నా కొట్టు కోసం లేవనివాళ్ళు నా బీన్స్ కోసం లేచారు. పోయిన సంవత్సరం దాకా ఈ చప్పట్లకి సిగ్గుపడి తల దించుకుని నవ్వేదాన్ని. ఇప్పుడు తల దించలేదు.

ఏప్రన్ విప్పి బెర్నిస్ చేతికిచ్చాను. కోటు వేసుకుంటుంటే డ్వైట్ వచ్చాడు, చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుని మెల్లగా అన్నాడు: "నలుగురిలో నా పరువు తీసేశావు. సర్లే, కోపం తగ్గాక రా. సాయంత్రం అమ్మ మాత్రలు మర్చిపోకు."

"ఇవాళ ఆవిడ తనంతట తనే లేచింది, చూశాను. మాత్రలు కూడా వేసుకోగలదు" అన్నాను.

బురద తొక్కుకుంటూ మెయిన్ స్ట్రీట్‌కి నడిచాను. ఊరంతా జిమ్‌లో ఉంది, వీధిలో పిట్ట లేదు. మంచు కరిగి నేల ఆరాక, మే నెలలో, కూల్చడం మొదలుపెడతారట. తాళం తీసి లోపలికి వచ్చి హీటర్ వేసుకున్నాను. నీళ్ళున్నాయి, స్టవ్వుంది, ఉతికిన తువ్వాళ్ళు బోలెడున్నాయి. ఇంటికి ఇక వెళ్ళనని, అంతవరకూ వచ్చేశాక, నాకు నేను చెప్పుకోవాల్సిన పనే లేకపోయింది. వాళ్ళు వెయ్యబోయే రాళ్ళ దారికి అడ్డంగా ఉన్న కుర్చీని వెనక్కి వాల్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి, అందులో నేను కూర్చున్నాను. మే నెలలో కూల్చే బండిని రానీ, డ్వైట్‌ని రానీ, లాయిడ్‌ని రానీ, లేవమని అడగనీ.

వాళ్ళంతా లేచారు. నేను లేవను.