ఏడు డబ్బాల మట్టి

చిటికెడు మట్టి. నాలుక కొస మీద.

ఆమె మొహం చిట్లించింది. ఎడమకన్ను దానంతటదే మూసుకుపోయింది.

ఉప్పు... ఇంకా ఉప్పే.

రెండేళ్ళ కిందటి తుపానులో సముద్రం చేలోకి వచ్చింది. చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టంలా మూడు రోజులుండి, ఉప్పు వదిలిపెట్టి పోయింది. అప్పటినుంచీ వేసిన వరి వేసినట్టే మాడిపోతోంది.

మొగుడు విసిగిపోయాడు. "రొయ్యల చెరువుకి ఇచ్చేద్దాం. అడుగుతున్నారుగా."

చెరువు తవ్వితే చేను ఇక చేను కాదు. ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు.

"పదిహేను రోజులు ఆగు," అంది.

ఉప్పు తాగి బతికే గింజ ఎక్కడైనా ఉంటుందా? ఉంటే ఎలా ఉంటుంది — ఎర్రగానా, నల్లగానా? గట్టు మీద గడ్డి పచ్చగానే ఉందిగా. గడ్డికి తెలిసింది వరికెందుకు తెలియదు?

ఊళ్ళు తిరిగి ఏడు రకాల వడ్లు తెచ్చింది. ఏడు పాత డబ్బాలు. అడుగున చిల్లు. చేలో మట్టి. బావిలో నీళ్ళు — అవీ ఉప్పే. కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది.

"దింపుడు కళ్ళం ఆశ," అని నవ్వాడు మొగుడు.

నవ్వనీ. ఆమె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

పళ్ళు తోముకుంటూ చూసేది. అన్నం కలుపుతూ లేచొచ్చి చూసేది.

ఏమీ లేదు...

ఏమీ లేదు...

పదమూడో రోజు — నాలుగో డబ్బాలో, సూదిమొనంత పచ్చ.

ఆమె అరుపుకి మొగుడు పరుగెత్తుకొచ్చాడు. అత్తా వచ్చింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మాయ్... మొన్న ఒక డబ్బాలో చెంబుడు మంచినీళ్ళు పోశాను. పాపం, ఎండిపోతోందని..."

"ఏ డబ్బాలో అత్తయ్యా?"

"అదే గుర్తు లేదే తల్లీ."

ఆమెకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. కానీ దాహమనుకుని నీళ్ళు పోసిన మనిషి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది?

ఇందులోనే పోసుంటే, ఉప్పు కరిగి చిల్లులోంచి దిగిపోయి ఉంటుంది. మొలక గొప్ప ఏమీ లేనట్టే.

ఉప్పు పోయిందా? ఉందా?

తెలుసుకోవడానికి దారి ఒకటే.

మొలక కదలకుండా, పక్కనుంచి చిటికెడు మట్టి. నాలుక కొస మీద.

ఎడమకన్ను దానంతటదే మూసుకుపోయింది.

"ఉప్పే!" అంది. ఉప్పు తగిలి నవ్వడం రెండేళ్ళలో ఇదే మొదలు.

మొగుడు నమ్మలేదు. డబ్బా వైపు చూశాడు, కిటికీలోంచి చేను వైపు చూశాడు. ఒక్క మొలక అంత చేనుకి ఏం చెప్పగలదు?

ఆమె ఇంకో చిటికెడు తీసింది. "నువ్వే చూడు."

అతను నోరు తెరిచాడు...