పెట్టుకోని పూలు

తెనాలి టెలిఫోను ఎక్స్ఛేంజిలో నా ఉద్యోగమంతా చేతులెత్తడమే. ఎదురుగా నిలువెత్తు బోర్డు, దాన్నిండా రంధ్రాలు. దీపం వెలిగిన చోటల్లా తీగ గుచ్చి "ఏ నంబరు కావాలండీ?" అనాలి. చంకల్లో ఊటబావులున్న నాకు ఈ ఉద్యోగం ఎవరు రాసిపెట్టారో కానీ, కనబడితే నాలుగు దులిపేద్దును.

పటిక నీళ్లతో కడిగాను. పౌడరు డబ్బాలు ఖాళీ చేశాను. అమృతలూరు నుంచి అమ్మ పంపిన పాత పంచె చింపి, ముక్కలు నాలుగు మడతలు పెట్టి జాకెట్ల చంకల్లో కుట్టుకున్నాను. మధ్యాహ్నం దాకా ఆగేవి, అంతే. డాక్టరేమో "పెళ్లయితే అదే తగ్గిపోతుందమ్మా" అన్నాడు. ఆయన బుర్రకి అంతకు మించి తట్టలేదు. తడి అంతగా కనబడదని తెల్ల జాకెట్లే వేసుకునేదాన్ని. పక్క కుర్చీ మాణిక్యమ్మ ఒకసారి ముక్కు తుడుచుకుంది. జలుబే కావచ్చు. నేను మాత్రం మర్నాడే చివరి బోర్డుకి మారిపోయాను, టిఫినూ ఒక్కదాన్నే తినేదాన్ని. ఒంటరితనం కష్టమే, కానీ అక్కడ ఎవరూ ముక్కు తుడుచుకోరు.

అరవై తొమ్మిది వేసవిలో రేపల్లె ఎక్స్ఛేంజికి ఆపరేటరుగా బసవేశ్వరరావు వచ్చాడు. లైను ఖాళీగా ఉంటే "ఆదిలక్ష్మిగారూ, ఏంటండీ కబుర్లు?" అనేవాడు. తీగలో చెమట కనబడదు. అందుకే గలగలా మాట్లాడేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆ గొంతు వినని రోజు రోజులా ఉండేది కాదు.

"ఆదివారం తెనాలి వస్తున్నానండి, స్టేషన్లో బెంచీ మీద ఉంటాను. మా అమ్మకి మీ సంగతి చెప్పాను. మీకిష్టమైతే మీ ఇంటికొచ్చి మాట్లాడతానంది" అన్నాడొకరోజు. ఇష్టమే. చచ్చేంత ఇష్టం.

శుభమా అని వెళ్తూ తెల్లది వేసుకుంటానా? ఆకుపచ్చ పట్టు జాకెట్టు వేసుకున్నాను. స్టేషన్లో బెంచీ మీద అతను కనబడేసరికే లోపల కుట్టిన ముక్కలు తడిసి ముద్దయ్యాయి. మోచేతులు పక్కటెముకలకి అదిమిపెట్టి కూర్చున్నాను. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ అరిటాకు పొట్లం విప్పాడు.

"మా అమ్మ కట్టి పంపిందండి. పెట్టుకోండి."

మల్లెపూలు. జడలో పెట్టుకోవాలంటే రెండు చేతులూ తలవెనక్కి ఎత్తాలి. ఆ పట్టు మీద చంక నుంచి నడుం దాకా నల్లగా దిగిన తడి అతను చూడాలి.

"ఇంటికెళ్లి పెట్టుకుంటానండి" అని సంచిలో పెట్టేశాను.

అతని మొహం చిన్నబోయింది. పట్టాల వైపు తిరిగి "పర్లేదండి" అన్నాడు. ఏం పర్లేదో నాకు తట్టలేదు, నా ధ్యాసంతా మోచేతుల మీదే. రేపల్లె బండి వచ్చింది. ఎక్కి వెళ్లిపోయాడు.

గదికి వచ్చి తలుపేసుకుని, అద్దం ముందు రెండు చేతులూ ఎత్తి పూలు పెట్టుకున్నాను. బాగున్నాను. చూసేవాళ్లే లేరు.

సోమవారం రేపల్లె దీపం వెలిగింది.

"అమ్మ అడిగిందండి, పూలు పెట్టుకుందా అని. లేదని చెప్పాను. ఆడపిల్ల నోటితో ఏం చెబుతుంది, పూలు పెట్టుకుంటే ఒప్పుకున్నట్టేనని పంపింది. పోన్లెండి, ఇష్టం లేదని అలాగైనా చెప్పారు."

"చెమటండీ" అంటే చాలు. ఒక్క మాట. పైకెత్తిన చేతిలో తీగ అలాగే ఉంది, చంక కింద తడి చల్లగా జారుతోంది. నాకు ఏడుపొచ్చింది.

"ఏ నంబరు కావాలండీ?" అన్నాను.