తుండుక్ ముందా, తడిక ముందా

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి తలాయ్ అల్మాతీ వెళ్లిపోవాలి. అక్కడి కుర్చీల ఫ్యాక్టరీలో పని దొరికింది. కాని కొచ్కోర్ ఊళ్లో తాను పనిచేసే గుడారాల కార్ఖానా యజమానురాలికి అతనొక మాట ఇచ్చాడు: కంప్యూటర్లో గీసిన గుడారానికి వాసాల సంఖ్యను కూలుయిపా ఒంటిచేత్తో మార్చగలిగితేనే కదులుతానని. మార్చలేకపోతే ఇంకో వారం ఉంటాడు. ఫ్యాక్టరీ వాళ్లు ఎన్నాళ్లు ఆగుతారో చెప్పలేదు.

కార్ఖానాలో కొలతలు తీసే కూలుయిపాకి యాభై ఏడేళ్లు. తొమ్మిదేళ్లుగా ఆమె కొలతలు తెచ్చేది, అతను గీసేవాడు. ఇప్పుడు ఆమె గుడారం ఫైల్ తెరిచి చూస్తే రెండువందల పద్నాలుగు స్కెచ్‌లు ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, అంకెలే. ఏది తలుపుదో, ఏది వాసానిదో తలాయ్‌కి మాత్రమే తెలుసు.

"నీ ఇల్లూ ఇలాగే ఉంటుందా?" అని ఎత్తిపొడిచింది.

"ఇల్లు ఖాళీ చేశానక్కా. ఇప్పుడు చాలా శుభ్రంగా ఉంది."

మూడు రోజులు సర్దింది. ఒక్కో భాగానికి ఒక్కో కాంపొనెంట్ చేసి, దాని స్కెచ్‌లను అందులోకి చేర్చి పేర్లు పెట్టింది. శుక్రవారం పొద్దున వాటిని వరసలో పెట్టింది, గుడారం వేసే ఎవరికైనా వచ్చే వరసలోనే: ముందు చుట్టూ తడిక, తలుపు, ఆపైన గుడారం నడినెత్తిన నిలిపే, వాసాల కొసలు దిగే తుండుక్ చక్రం, చివరికి వాసాలు. ఏదో హెచ్చరిక వస్తే సరే అని నొక్కేసింది. వాసాల సంఖ్య ఎనభై అయిదు తీసి అరవై అయిదు కొట్టింది. వాసాలన్నీ ఎర్రబడి గడ్డిపోచల్లా చెదిరిపోయాయి.

తలాయ్ ఖాళీ చేసిన ఇంటి తాళాలు అప్పగించడానికి వెళ్లాడు. ఆమె పెరట్లోకి నడిచింది. అక్కడ ముసలి వడ్రంగి సాదిర్ తుండుక్ కోసం ఆవిరి పట్టిన కర్రను వంచుతున్నాడు. తడిక కంటే ముందు తుండుక్ ఎందుకు చేస్తున్నావని అడిగింది.

"చక్రం చేతికి రానిదే తడిక ఎంత చుట్టు తిరగాలో నాకేం తెలుస్తుంది? నిలబెట్టే వరస వేరు, చేసే వరస వేరు. ఇన్నేళ్లుండి ఇదా అడగడం తల్లీ?"

తడిక కొలత తుండుక్ నుంచి పుట్టింది. తాను తల్లికంటే ముందు బిడ్డను కూర్చోబెట్టింది. తెర మీది వరసలో చక్రాన్ని పైకి లాగి, తెగిన కొలత కలిపితే చాలు. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. లాగితే అతను మధ్యాహ్నం బస్సెక్కేస్తాడు. ఏమీ లాగలేదు.

తలాయ్ వచ్చి తెర చూశాడు. సంచీ భుజం మీంచి దించి గోడకి ఆనించాడు. విసుక్కోలేదు. వచ్చే వారం వస్తానని ఫ్యాక్టరీ వాళ్లకి చెబుతానంటూ ఫోన్ తీసి నంబరు వెతకసాగాడు. దొరికింది.

"ఆగు" అంది కూలుయిపా.

తుండుక్‌ను తడిక పైకి లాగింది. పొద్దున హెచ్చరికకి సరే అన్నప్పుడు తెగిన తడిక కొలతను మళ్లీ చక్రానికి కలిపి, అరవై అయిదు కొట్టింది. వాసాలు ఒక్కొక్కటే తమ రంధ్రాల్లోకి వెళ్లి నిలిచాయి.

"ఎవరు చెప్పారు?"

"సాదిర్."

"ఎప్పుడు?"

"ఇందాక, నువ్వు రాకముందే."

అతను తెర దగ్గరికి వంగాడు. డెబ్బై రెండు కొట్టి చూడమన్నాడు. కొట్టింది. అదీ నిలిచింది.

"ఇంకోటి చూపించనా?"

"వద్దక్కా" అని తలాయ్ సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "బస్సుకి వేళయింది."