ఇంకా తాకలేదు

అరచేతులు దురద పెడుతుంటే గిన్నెలు తోమే సబ్బు మార్చమన్నారు మా అత్తగారు. మార్చాను. నెలలో మూడు సబ్బులు మారాయి, తోమే మనిషి మాత్రం మారలేదు. బట్టలు వదులవుతుంటే మా ఆయన మురిసిపోయి, పెళ్ళినాటి నడుము తిరిగొచ్చిందన్నాడు. వెన్నునొప్పికి వేడినీళ్ళ సంచీ, అన్నం సయించకపోతే బయట చిరుతిళ్ళు మానెయ్యమని సలహా. నా ఒంటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

నా కళ్ళు పచ్చబడ్డాయని కనిపెట్టింది మా స్కానింగ్ సెంటర్ డాక్టరుగారు. నేనక్కడ రిపోర్టులు టైపు చేస్తాను. స్కాన్ చూస్తూ ఆయన రికార్డు చేసింది చెవిలో పెట్టుకుని విని కొట్టడం నా పని. ఎనిమిదేళ్ళుగా వింటున్నాను కాబట్టి ఆయన మింగేసిన మాటలు కూడా పట్టుకోగలను. అలాంటిది నాకు స్కాన్ తీసిన రోజు, "మీ వారిని రమ్మనమ్మా" అన్నారు. ఇద్దరూ తలుపేసుకుని పావుగంట మాట్లాడుకున్నారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. నేను చూడకూడదని ఆ ఒక్క రిపోర్టూ ఆయనే టైపు చేసుకున్నారు. దాన్ని దాచింది మాత్రం నా కంప్యూటర్లోనే.

మర్నాడు పొద్దున వెళ్ళగానే తెరిచాను. క్లోమం తలభాగంలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ. పైత్యరసం దిగే గొట్టాన్ని నొక్కుతోంది. క్యాన్సర్ కావచ్చు. పక్కనున్న పెద్ద రక్తనాళాలను తాకలేదు. స్పెల్లింగు తప్పులు రెండున్నాయి, దిద్దాను.

సాయంత్రం మా ఆయన చాలా నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నన్ను భయపెట్టకూడదనే తాపత్రయం, అది అబద్ధం కాదు. చిన్న గడ్డేనట. మా డాక్టరుగారు చెప్పిన సర్జన్ గారి ఆఫీసువాళ్ళు వచ్చే మంగళవారం ఆపరేషన్ అంటే, తనే ఫోన్ చేసి ఆరువారాలు వెనక్కి జరిపించాడట. ఆడపడుచు పురిటికి వస్తోంది మరి. ఈవిడ మంచాన పడితే పసిబిడ్డకు నీళ్ళెవరు పోస్తారని అత్తగారు పక్కగదిలోంచి నిట్టూర్చారు.

"రక్తనాళాలను తాకలేదట. ఇంక తొందరేముంది?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. క్లోమం పొట్ట వెనకాల, వెన్నుకు ఆనుకుని, ఇంటి కోడల్లా చప్పుడు చేయకుండా పడుంటుంది. అది నోరు విప్పేసరికే చాలామందికి వేళ మించిపోతుంది. రక్తనాళాన్ని చుట్టేసింది, కాలేయానికి పాకింది అన్న మాటలు నేను కళ్ళు మూసుకుని కొట్టగలను, అన్నిసార్లు కొట్టాను. తాకలేదని కొట్టింది మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"తాకలేదంటే ఆగొచ్చని కాదండీ, ఇప్పుడైతే కోసి తీసెయ్యొచ్చని. ఆరువారాలయ్యాక కూడా ఆ మాటే ఉంటుందని మీకెవరు చెప్పారు?"

"నువ్వు టైపు చేస్తావంతే. డాక్టరువి కాదు."

నిజమే, కాదు. నాకు చచ్చేంత భయంగా ఉంది. కోశాక లేస్తానో లేదో, లేచినా ఎన్నాళ్ళుంటానో ఏ రిపోర్టూ చెప్పదు. కానీ పిల్లల పరీక్షలనీ, అత్తగారి మోకాళ్ళనీ, ఎవరిదో పురుడనీ నా ప్రతి అవసరాన్నీ ఇరవై ఏళ్ళుగా వరసలో చివర నిలబెడుతూ వచ్చాను. ఇది అలా నిలబడే రకం కాదు. వీళ్ళకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

తెల్లారి సెంటర్‌కి వెళ్ళగానే సర్జన్ గారి ఆఫీసుకు ఫోన్ చేశాను. మంగళవారం ఇంకా ఖాళీగానే ఉందంది ఫోనెత్తిన అమ్మాయి. అంతలోనే తటపటాయించి, జరపమన్నది మీ వారు కదండీ, ఆయన్నొక మాట అడిగి చెప్తానంది.

"కోసేది నా కడుపమ్మా," అన్నాను. "నన్నడుగు."