పదికి తొమ్మిది

“సున్నా వేసుకోండి సిస్టర్. మా ఆవిడకి దురదా గిరదా ఏం లేదు,” అన్నాడాయన, పేపర్లోంచి తలెత్తకుండానే.

డయాలిసిస్ యూనిట్లో నేను పదకొండేళ్లుగా నర్సుని. కిడ్నీలు పాడైనవాళ్లలో చాలామందికి ఒళ్లు దురద పెడుతుంది. అదెంత ఉందో సున్నా నుంచి పది దాకా అంకె వేయించి, దానివల్ల నిద్ర, మనసు, పని ఎంత చెడుతున్నాయో అడిగి రాయమని డాక్టరమ్మ ఆ వారమే కొత్త కాగితాలిచ్చింది. మూడో కుర్చీ టైలరమ్మది. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు వస్తోంది. ఏమడిగినా భర్తే చెప్పేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అది హాయిగానే ఉండేది, పని త్వరగా తెమిలేది.

ఆ రోజు బీపీ చూడబోతే ఆమె చెయ్యి కనిపించింది. గీత మీద గీత, పక్కు కట్టి, మళ్లీ ఊడి. సున్నా వేయడానికి చేతులు రాలేదు.

“మీరు కాసేపు బయట కూర్చోండి సార్. ఇది పేషెంటే చెప్పాలి.”

“నాకు తెలీకుండా దానికేముంటుందమ్మా?”

“తెలిస్తే సున్నా అనరు కదండీ,” అనేశాను. ఆయన విసవిసా వెళ్లిపోయాడు.

టైలరమ్మ తలుపు మూసుకునేదాకా చూసింది.

“తొమ్మిది,” అంది. “ఆదివారమైతే పది. మధ్యలో రెండు రోజులు డయాలిసిస్ ఉండదు చూడండి, అప్పుడెక్కువ. వీపు మధ్యలో చెయ్యి అందదు, గుమ్మానికి రుద్దుకుంటా. నా గోకుడు చప్పుడుకి నిద్ర పట్టట్లేదని ఆయన పక్క గదిలోకి మారారు. అంటుకుంటుందేమోనని మా అత్తగారు నా దుప్పటి విడిగా ఉతకమంటుంది.”

“అంటుకోదమ్మా.”

“నాకు తెలుసు. చెప్పాను కూడా. నా మాట ఎవరిక్కావాలి?”

“మరి మాకెందుకు చెప్పలేదు?”

“మీరాయన్ని అడిగారు సిస్టరమ్మా.”

కోపంగా అనలేదు. ఉన్న మాట అంది, అంతే. నేను తల వంచుకుని రాసుకున్నాను. ఇంత బాధతో ఈవిడ పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వండి, మిషన్ ముందు కూర్చుని, వంకర పోకుండా కుట్టు వేస్తోంది. ఎదుటివాళ్ల ఒంటికి అతికినట్టు బట్టలు కుట్టి ఇస్తోంది, తన ఒంట్లో తనకి కుదురు లేకపోయినా. నేనైతే ఒక్క రోజు ఆగేదాన్నా?

డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. రక్తపరీక్షలు చేయించింది, డయాలిసిస్‌లో మార్పులు చేసింది, ఒక చిన్న మాత్రా, ఒంటికి క్రీమూ రాసింది. నెల తిరిగేసరికి తొమ్మిది నాలుగైంది. “మూడు వేయనా?” అన్నాను సంబరంగా. “నాలుగంటే నాలుగే. మొహమాటాలొద్దు,” అని నవ్వింది. ఆమె నవ్వు చూడటం నాకదే మొదలు.

అక్కడితో ఊరుకుందా! తన వంతు వచ్చేలోపు కుర్చీ కుర్చీ దగ్గరికీ వెళ్లేది. “సున్నా అనకు పిల్లా. కొలత తప్పు చెప్తే బట్ట ఒంటికి పట్టదు,” అనేది. ఒక్క వారంలోనే అయిదుగురు తమ అంకె మార్చుకున్నారు. నా పదకొండేళ్ల నర్సింగు చేయలేని పని అది.

ఆదివారం నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన ఫోన్లో వాళ్లక్కతో అంటున్నాడు: “మీ అత్తగార్ని ఆపరేషనవగానే ఇక్కడికి పంపించక్కా. నెలరోజులు మా ఆవిడ చూసుకుంటుంది. దానికేం కష్టం? నర్సేగా!”

చేతులు తుడుచుకుని వెళ్లి ఫోనందుకున్నాను.

“వదినా, నా వల్ల కాదు. ఆర్నెల్లుగా నడుం వంగట్లేదు. డ్యూటీ అయ్యాక మెట్లెక్కడానికి ఏడుపొస్తోంది.”

మా ఆయన నోరు తెరిచాడు. “నాకెప్పుడూ చెప్పలేదే!”

అవతల వదిన నెమ్మదిగా అడిగింది: “ఎక్కడే నొప్పి?”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.